ప్రదిత్ పలకలేదు

లమ్దువన్ సంచీ సర్దుతోంది. గళ్ల తువ్వాళ్లు, జిగురన్నం బుట్ట, వేయించిన ఎండుచేప, ఒక దుప్పటి.

"రిపోర్టు అడిగొచ్చేదానికి దుప్పటెందుకమ్మా?" అన్నాడు కొడుకు కోప్.

"పోయేవాళ్లు ఎప్పుడొస్తారో ఎవరికి తెలుసు," అంటూ ఆమె ఇంకో దుప్పటి పెట్టింది.

కోప్ అనేది ఇంట్లో పిలుపు. కాగితాల మీద ప్రదిత్. ఒక నెల ఊరందరినీ పిలిచి విందులు చేస్తాడు, మరుసటి నెల మంచం దిగడు. మనసును నిలకడగా ఉంచే మాత్ర ఒకటుంది. అది కొందరి ఒంటికి పడదనీ, పడకపోతే బొబ్బలెక్కి ప్రాణం మీదికి రావచ్చనీ, ఆ సంగతి పుట్టుకతోనే రక్తంలో ఉంటుంది కనుక ముందే చూడొచ్చనీ ఖోన్‌కేన్‌ పట్నం ఆస్పత్రిలో చెప్పి రక్తం తీసుకున్నారు. పుట్టుకతో వచ్చిన రాతను సూదితో ఎలా చదువుతారో లమ్దువన్‌కు అంతుపట్టలేదు. ఎందుకైనా మంచిదని గుడిలో పెద్ద భిక్షువునూ అడిగింది. మంగళవారం పుట్టినవాడికి ప్రదిత్ అనే పేరు అచ్చిరాదని ఆయన కొత్త పేరు పెట్టించాడు. నెల నిండేదాకా పాత పేరుకు పలికితే పాత పీడ తిరిగొస్తుందనీ అన్నాడు. నెల ఇంకా నిండలేదు.

ఆస్పత్రిలో నర్సు పిలిచింది. "ప్రదిత్."

కోప్ లేవబోయాడు. తల్లి చొక్కా పట్టుకుని లాగింది. "పలక్కు."

"పిలిచేది నన్నేనమ్మా."

"అందుకే పలకొద్దంటున్నా."

"ప్రదిత్ రాలేదా? రాలేదని రాసేస్తున్నా," అంది నర్సు.

పికప్ నడుపుకొచ్చిన బాబాయి సోంఫాన్ చేపల వ్యాపారి, తొందర మనిషి. "నేను పలుకుతాలే వదినా. నేను పుట్టింది బుధవారం, ఆ పేరు నన్నేం చేస్తుంది," అని లోపలికి నడిచాడు.

గదిలో డాక్టరమ్మ కొత్తది. కాగితం చూసి, మనిషిని చూసింది. "ఇరవై ఎనిమిదేళ్లా?"

"ఎండలో పనండీ."

"నిద్ర పడుతోందా?"

"తెల్లారకముందే చేపల లారీ వస్తుంది. నిద్రెక్కడిది?"

"ఖర్చు అదుపులో ఉందా?"

"మొన్న రెండు పడవలు కొన్నా."

"మీకు చెరువుందా?"

"లేదు. చవగ్గా వచ్చాయి."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. కాసేపటికి సోంఫాన్ చక్రాల కుర్చీలో బయటికి వచ్చాడు. "వదినా, నన్ను చేర్చుకుంటారంట. పడవల సంగతి మా ఆవిడకి చెప్పకు."

వారాలుగా నవ్వు మరచిన కోప్ పకపకా నవ్వాడు. తల్లి చెయ్యి విడిపించుకుని లేచాడు. "ప్రదిత్‌ని నేను. ఆయన మా బాబాయి. ఆయనెప్పుడూ అంతే."

లమ్దువన్ కళ్లు మూసుకుంది.

డాక్టరమ్మ అందరినీ కూర్చోబెట్టి రిపోర్టు విప్పింది. "ఆ మాత్ర నీకు పడదు బాబూ. ఇంకో మందు రాస్తాను. ఈ కార్డు ఎప్పుడూ జేబులో ఉంచుకో. ఇది వంశంలో నడిచేది. మీలో మందు పడక ఒళ్లు బొబ్బలెక్కినవాళ్లు ఉన్నారా?"

"లేరు," అన్నాడు సోంఫాన్, కుర్చీ దిగకుండానే.

"వాళ్ల వైపు లేరు. మా వైపు ఉన్నాడు," అంది లమ్దువన్.

కోప్ తల్లి వైపు తిరిగాడు. "ఎప్పుడూ చెప్పలేదే?"

"మందు వల్లనని ఇప్పుడేగా తెలిసింది."

ఆమె తమ్ముడు థొంగ్‌దమ్ మూర్ఛకు మాత్రలు మొదలుపెట్టి, ఒంటినిండా బొబ్బలతో పట్నం బస్సెక్కింది బౌద్ధశకం 2533, అంటే 1990, వానాకాలం మొదట్లో. తిరిగి రాలేదు.