గోడ అవతలి జ్యూసు

ఆ రోజు పొద్దున్న కూర్మారావు వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య ఇచ్చిన ఆకుపచ్చ జ్యూసును ఆమె కంట పడకుండా పెరటి గోడ అవతల పారబోయాలి. గ్లాసు కడిగి, మూతి తుడుచుకుని, ఏమీ ఎరగనట్టు డ్యూటీకి పోవాలి. ఈపాటి పని చేతకాని మగవాడు భూమ్మీద ఉండడని అతని నమ్మకం.

కూర్మారావు గూడ్సు బండి గార్డు. పైవాళ్లు ఆ ఉద్యోగానికి ట్రైన్ మేనేజర్ అని కొత్త పేరు పెట్టారు గానీ, అడవి కొండల్లోని గనుల ఊరు బచేలి రైల్వే కాలనీలో అందరికీ అతను ఇప్పటికీ గార్డుగారే. సిక్కోలు వైపు నుంచి కుర్రతనంలో వచ్చి, ఈ లైను మీదే తల నెరిపించుకున్నాడు. ఇనుపరాయి నింపుకున్న బండి చివర, బ్రేక్ వ్యానులో ఒక్కడే కూర్చుని, కొండలూ సొరంగాలూ వెనక్కి వెళ్లిపోతుంటే చూడటమంటే అతనికి ప్రాణం. అలాంటివాణ్ని విశాఖపట్నం రైల్వే ఆసుపత్రిలో డాక్టరమ్మ బరువు మెషీను మీద నిలబెట్టి మొహం చిట్లించింది.

"షుగరూ ఎక్కువే, బరువూ ఎక్కువే. మూడు నెలలు టైమిస్తాను. తగ్గి వస్తే సరే. లేదంటే బండి ఎక్కనివ్వను, ఆఫీసులో కూర్చోవలసిందే" అంది.

ఆఫీసంటే విశాఖపట్నంలో ఆఫీసు. అందులో పెద్ద గుమాస్తా కూర్మారావు బావమరిది చినబాబు. "నా ఎదురు బల్ల ఖాళీగానే ఉంది బావా, దుమ్ము కూడా దులిపించాను" అని ఆ సాయంత్రమే ఫోను చేశాడు. సెలవు కావాలంటే బావమరిదిని అడగాలి, ఆలస్యమైతే బావమరిదికి చెప్పుకోవాలి. ఆ గతి పట్టకుండా కూర్మారావు ఎలాగైనా తగ్గి తీరాలనుకున్నాడు.

అతని భార్య సంతోషకుమారి అంతకన్నా గట్టిగా అనుకుంది. ఫోనులో వీడియోలు చూసి, తమ్ముడు చినబాబు చేతనే ఒక బ్లెండరు కొనిపించి తెప్పించింది. పాలకూర, మునగాకు, కీరదోస, అల్లం, అవిసె గింజలు వేసి స్విచ్చి నొక్కితే అది కాలనీ మొత్తం లేచేలా అరిచింది. పొద్దుట ఇడ్లీ బందు, రాత్రి అన్నం బందు, రెండు పూటలా ఈ జ్యూసే అని తీర్పు చెప్పింది. మొదటి రోజు కూర్మారావు ఒక్క గుక్క నోట్లో పోసుకున్నాడు. అది లోపలికీ పోలేదు, బయటికీ రాలేదు.

"ఎలాగున్నాదండీ?" అంది సంతోషకుమారి ఆశగా.

"బెమ్మాండం" అన్నాడు, బలవంతాన మింగి.

అదే అతను చేసిన పొరపాటు. అంత బ్రహ్మాండమైన దాన్ని మర్నాటి నుంచి ఆమె ఇంకో గ్లాసు పెంచింది. అతను మర్నాటి నుంచి ముక్కు మూసుకుని గోడ అవతల పోయడం మొదలుపెట్టాడు. ఆకలి వేస్తే డ్యూటీలో ఒక అరటిపండు తినేవాడు. ఎక్కువ తినడానికి మనసొప్పేది కాదు, డాక్టరమ్మ మొహం కనిపించేది.

గోడ అవతల క్వార్టరు ట్రాక్‌మన్ సుక్కాది. తెలుగు మాట వినపడే కోంటా వైపు గొల్లపల్లి నుంచి వచ్చిన దోర్ల తెగ మనిషి. అతనికో భార్య, పేరు భీమే. అతనికో పందెంకోడి, ఎర్ర ఈకల డేగ రకం. సరిగ్గా జ్యూసు పడే చోట గుంజ పాతి దాన్ని కట్టేస్తాడు. ఈ సంగతి కూర్మారావుకి కొన్నాళ్ల తర్వాత, గోడ మీద సుక్కా తలకాయ లేచినప్పుడు తెలిసింది.

"ఏంది సార్ ఇది? మా డేగకు రోజూ పోసేది మీరేనా?"

కూర్మారావు గ్లాసు వీపు వెనక దాచాడు. తిట్లకు సిద్ధపడ్డాడు.

"నిన్న వారం బజార్ల, పందెంల ఎట్ల ఎగిరి తన్నిందనుకున్నరు! మొన్నటి దాకా పెట్టను చూసినా ఉరికేది సార్. మీకు కోళ్ల ఇద్య తెల్సని ఒక్క మాటన్నా చెప్పలే!"

"నెమ్మదిగా మాటాడు సుక్కా. మా ఆవిడ వింటాది."

"ఓహో, ఇంట్ల కూడా చెప్పొద్దా? సమజైంది సార్. ఇద్య బయటికి చెప్తే పని చెయ్యదు. నేన్ ఎవ్వరికీ చెప్ప" అని సుక్కా నోటి మీద వేలు పెట్టుకున్నాడు.

ఎవ్వరికీ చెప్పనన్న మాట సుక్కా ఒక పూట నిలబెట్టుకున్నాడు. మర్నాడు సాయంత్రానికి పట్టాల గ్యాంగులో సుక్కాతో పనిచేసే మంగల్, బిజ్జా చెరో కోడిని చంకన పెట్టుకుని గేటు దగ్గర నిలబడ్డారు. "గార్డ్ సాబ్, జర దేఖ్ లో" అని బతిమాలారు. కూర్మారావు చేసేది లేక రెండు కోళ్ల రెక్కలూ ఎత్తి చూసి, తల పంకించి పంపించేశాడు. దాంతో ఇంకో నలుగురు వచ్చారు.

"ఎవరండీ వాళ్లు?" అంది సంతోషకుమారి కిటికీలోంచి.

"గ్యాంగు వాళ్లు. సేఫ్టీ మీటింగు."

"కోళ్లతోనేటి?"

"కోళ్లు కూడా పట్టాలు దాటుతాయి కదే" అన్నాడు కూర్మారావు. ఆమె అవునన్నట్టు తలూపి లోపలికి వెళ్లింది. ఇంత సులువుగా నమ్మే మనిషిని మోసం చేస్తున్నందుకు అతనికి కాస్త బాధ కలిగింది.

ఆ వారంలోనే సుక్కా మళ్లీ గోడ మీద లేచాడు.

"సార్, మీ మందు తాగినంక దాని కాళ్లు ఆగుత లేవు. పొద్దుగాల్ల ఉరికియ్యాలె. నాకేమో లైన్ మీద డ్యూటీ. మీరే తిప్పాలె."

"నేనా? ఈ పొట్టేసుకుని కోడి వెనకాల పరిగెత్తాలా?"

"వద్దంటే పోనీ సార్. మీ ఇంట్ల అమ్మనడిగి ఆ ఆకేందో, ఎంత పొయ్యాల్నో తెల్సుకుంట. మల్ల ఉరికిచ్చే పని లేకుంట చేస్త."

మర్నాడు తెల్లారేసరికి కూర్మారావు కోడి కాలికి తాడు కట్టి, కాలనీ వెనక బాట మీద పరుగు తీస్తున్నాడు. తాడు పట్టుకున్నది అతనే గానీ ఎటు పోవాలో నిర్ణయించేది కోడి. అది గట్టు ఎక్కితే అతనూ ఎక్కాలి, తుప్పల్లో దూరితే అతనూ దూరాలి. మొదటి రోజు రొప్పుతూ కల్వర్టు మీద కూలబడ్డాడు. డ్యూటీ లేని ప్రతి పొద్దూ ఇదే వరస. డ్యూటీ ఉన్న రోజు భార్య సీసాలో నింపిచ్చిన జ్యూసు భీమేకి అందించి, ఓ చుట్టు కోడిని తిప్పి మరీ బండెక్కేవాడు.

"ఇంత పొద్దున్నే ఎక్కడికండీ?" అని సంతోషకుమారి అడిగేది.

"వాకింగుకి."

"చూసేరా! నా జ్యూసు మహిమ!" అని ఆమె మురిసిపోయేది.

మూడు నెలలు గడిచి, మెడికల్ పరీక్షకి వెళ్లే రోజు వచ్చింది. పొద్దుటి ప్యాసింజరుకి విశాఖపట్నం పోయి, రాత్రికి చినబాబు ఇంట్లో పడుకుని, మర్నాడు డాక్టరమ్మ ముందు నిలబడాలి. కూర్మారావు భుజానికి సంచి తగిలించుకుని, దారిలోనే కోడిని తిప్పి, భీమేకి అప్పగించి అటునుంచి అటే స్టేషనుకి పోదామనుకున్నాడు. తిప్పుతూ స్టేషను గేటు దగ్గరకు రాగానే ఇంజను గట్టిగా కూసింది. డేగకి అది సవాలులా వినిపించిందేమో, తాడు తెంపుకుని ప్లాట్‌ఫారం మీదికి దూసుకెళ్లి, జనరల్ పెట్టెలోకి ఎగిరి కూర్చుంది. దాని వెనకాలే కూర్మారావు ఎక్కాడు. బండి కదిలింది.

దంతెవాడ దాటుతుండగా ఫోను మోగింది. తెర మీద భార్య పేరు ఉంది, గొంతు మాత్రం సుక్కాది.

"సార్, అమ్మ ఫోన్ల నుంచి చేస్తున్న. డేగ కనబడ్త లేదు! రేపు బజార్ల పెద్ద పందెం జోడీ ఉన్నది సార్. మీరేమన్న చూసిన్రా?"

పక్కన సంతోషకుమారి ఉందన్న మాట. "నాకేటి తెలుసు సుక్కా? నేను ఆసుపత్రికి పోతన్నాను" అన్నాడు కూర్మారావు. ఒళ్లో ఉన్న డేగ మెడ సాచి పెట్టె మొత్తం వినపడేలా కూసింది.

"సార్, మీ దగ్గర ఏదో కూస్తున్నది."

"అది రైలు కూత."

"రైలు గట్ల కూస్తదా సార్?"

అదృష్టం కొద్దీ సొరంగం వచ్చి ఫోను తెగిపోయింది. కూర్మారావు సంచిలోని చొక్కాలు తీసి ఒంటి మీద వేసుకుని, కోడిని సంచిలో కూర్చోబెట్టాడు.

చినబాబు బావను గుమ్మంలోనే కౌగిలించుకున్నాడు. సంచిలోంచి తల బయటపెట్టిన కోడిని చూసి ఇంకా గట్టిగా కౌగిలించుకున్నాడు. "నాటుకోడి తెచ్చేవా బావా! ఏమోయ్, మసాలా నూరు!" అని లోపలికి కేక పెట్టాడు. లోపల మిక్సీ తిరగడం వినిపించింది. కోడి పోతే సుక్కా ఊరుకోడు. సుక్కా ఊరుకోకపోతే సంతోషకుమారికి అంతా తెలుస్తుంది.

"కొయ్యకూడదు చినబాబూ" అన్నాడు కూర్మారావు, ఏం చెప్పాలో తోచక. "ఇది మెడికల్ కోడి. డాక్టరమ్మ తెమ్మంది."

"కోడితో మెడికల్ ఏటి?"

"కొత్త రూలు."

రైల్వేలో తనకు తెలియకుండా కొత్త రూలు రావడం చినబాబుకి నచ్చలేదు. ఆ సంగతేదో తేల్చుకుందామని మర్నాడు సెలవు పెట్టి మరీ బావ వెంట బయలుదేరాడు. దారిలో దింపేద్దామంటే వీలులేక కూర్మారావు కోడిని ఆసుపత్రిలోకి తీసుకెళ్లవలసి వచ్చింది.

డాక్టరమ్మ తల ఎత్తకుండానే మెషీను ఎక్కమంది. కూర్మారావు కంగారులో సంచితో సహా ఎక్కాడు. ముల్లు చూసి ఆమె కళ్లజోడు సవరించుకుంది.

"ఫరవాలేదే, బాగానే తగ్గారు" అంది. అంతలో సంచి మెలికలు తిరిగి కొక్కొరోకో అంది. "ఏమిటది?"

"తమరు తెమ్మన్న కోడి మేడం" అన్నాడు చినబాబు వినయంగా.

"నేను తగ్గి రమ్మన్నానయ్యా, కోడిని తెమ్మనలేదు! దాన్ని దించి మళ్లీ ఎక్కండి."

కోడిని దించి ఎక్కితే ముల్లు ఇంకా వెనక్కి పోయింది. మధ్యాహ్నానికి రక్తం రిపోర్టు వచ్చింది. షుగరూ దిగింది. డాక్టరమ్మ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "నిజం చెప్పండి, ఏం చేశారు?" అని అడిగింది.

ఇన్నాళ్లలో మొదటిసారి కూర్మారావు నిజం చెప్పాడు. "దీని వెనకాల పరిగెట్టేను మేడం."

ఆమె కోడి వంక చాలాసేపు చూసింది. "మానకండి" అని చెప్పి ఫిట్ అని రాసేసింది. చినబాబు మొహం వేలాడింది. కూర్మారావుకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆసుపత్రి మెట్ల మీదే కూర్చుని కోడి తల నిమిరాడు. బ్రేక్ వ్యాను తనదే, కొండలు తనవే.

తిరుగు బండిలో మాత్రం మనసు పీకింది. రోజూ చీకటితో లేచి, ఆకులు ఏరి, కడిగి, తన కోసం రుబ్బిన మనిషిని ఇన్నాళ్లు మోసం చేశాడు. ఆ పిచ్చిది తన జ్యూసే కాపాడిందనుకుంటుంది. పోనీ, అలాగే అనుకోనీ, కానీ ఇక మీదట ఆమె ఏదిస్తే అది చుక్క మిగలకుండా తాగాలని ఒట్టు పెట్టుకున్నాడు. దిగగానే కోడిని సుక్కాకి అప్పగించాడు.

"పెద్ద జోడీ పోయింది కదా సార్" అన్నాడు సుక్కా దిగులుగా.

"పై వారం ఉందిలే. నేనే తిప్పుతాను" అని మాటిచ్చాడు.

మర్నాడు పొద్దున్న వంటింట్లో బ్లెండరు ఆగింది. సంతోషకుమారి చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లింది. కూర్మారావు తనంతట తానే నిండు గ్లాసు అందుకుని, కళ్లు మూసుకుని ఎత్తిపట్టాడు.

"అయ్యయ్యో! తాగకండి! అది కోడిదండీ!"

అప్పటికే గ్లాసు ఖాళీ అయింది. కూర్మారావు కళ్లు తెరిచాడు.

"కోడిదేటి?"

సంతోషకుమారి గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. ఇక దాచి లాభం లేదనుకుందేమో, కొంగుతో చేతులు తుడుచుకుని మొదలుపెట్టింది.

"మీరు గోడవతల పోస్తన్నారని మొదట్లోనే చూసేను. డాబా మీద బట్టలారేస్తంటే కనిపించింది. రెండ్రోజులు ఏడ్చేను. తిడితే మట్టుకు తాగుతారేటి? అందుకే భీమేకి చెప్పేను, మా ఆయన చేత మీ కోడిని పరిగెట్టించమని సుక్కాతో అనిపించు అని. ఇక తాగేది కోడే కదా అని దానికి పనికొచ్చేవే వేసి రుబ్బుతన్నాను."

"మరి సుక్కా ఫోన్ చేసినపుడు..."

"కోడి కూత నాకూ వినపడ్డాది. కొంగు నోట్లో కుక్కుకున్నాను." ఆమె ఒకడుగు దగ్గరకొచ్చింది. "మీరు బండి దిగి ఆఫీసులో కూకుంటే బతకలేరని నాకు తెల్దేటండీ? అదీ కాక, విశాఖపట్నం పోయి మా మరదలి పక్కింట్లో కాపురం నా వల్ల కాదు."

కూర్మారావు ఆమె చెయ్యి పట్టుకుందామనుకున్నాడు. అంతలో నాలుక మీద ఏదో పుల్లగా, ఉప్పుగా, కమ్మగా తగిలింది.

"ఇంతకీ ఇందులో ఏటేసేవు?"

"నానేసిన చోడి గింజలు. మునగాకు. ఎండు చేపలు, మెత్తళ్లు." సంతోషకుమారి రెండడుగులు వెనక్కి వేసింది. "భీమే అడివిలోంచి తెచ్చిన ఎర్రచీమలు."

కూర్మారావు గ్లాసు అడుగు వేలితో తుడిచి నాకి, బ్లెండరు వైపు చూశాడు.

"ఇంకా ఉన్నాదేటి?"

ఆ పూట కోడి పస్తు.