కుదరదుగారి రీఫండు

ఫ్రిజ్‌ల కంపెనీలో ఫిర్యాదులు చూసే ఆయనను ఆఫీసులో అందరూ కుదరదుగారు అంటారు. ఎవరు డబ్బు వాపసు అడిగినా ఆయన నోట వచ్చే మొదటి మాట అదే. అలాంటి మనిషి సెలవు రోజు పొద్దున్నే కార్డు ఖర్చులు చూసుకుంటూ ఉలిక్కిపడ్డాడు. ఎవరో ఆయన కార్డు మీద బస్సు నడిపే వీడియో గేమ్ కొన్నారు. స్నానానికి లేచేలోపు ఆ డబ్బు వెనక్కి రాబట్టాలని నిశ్చయించుకున్నాడు.

“ఎవరు కొన్నారిది?”

“నాకు వంటింటితోనే సరిపోతోంది, ఇక బస్సులు కూడానా?” అంది భార్య.

“నాన్నా, నువ్వేమైనా నొక్కావా?”

“నేనా? ఏ మీట ఎక్కడుందో నాకేం తెలుసురా?” అన్నాడు తండ్రి.

అది పచ్చి అబద్ధం. ఆయన ఒకప్పుడు బస్సు డ్రైవరు. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయాక ఉద్యోగమూ పోయింది, మాటా తగ్గిపోయింది. కొడుకు ఆఫీసుకు వెళ్ళగానే పాత యూనిఫాం చొక్కా తొడుక్కుని, టీవీ ముందు కూర్చుని ఆ గేమ్‌లో బస్సు తీసేవాడు. ఈమధ్య కుడిచేతి వేళ్ళు కూడా కాస్త కదులుతున్నాయి. ఈ సంగతి కోడలికి ఒక్కదానికే తెలుసు. మావయ్యగారు చెప్పొద్దన్నారు కనుక ఆమె చెప్పలేదు. కొడుకు డబ్బు దగ్గర ఎంత గట్టివాడో పెంచిన తండ్రికి తెలియదా?

“సార్, మూడు వారాలుగా రోజూ ఆడుతున్నారు. ఆడేసిన గేమ్‌కి రీఫండు ఉండదండి,” అంది ఫోన్లో గేమ్ కంపెనీ కస్టమర్ కేర్ అమ్మాయి.

“మా ఇంట్లో ఎవరూ ఆడలేదంటే దొంగెవడో ఆడుతున్నట్టేగా!”

తండ్రి ముఖం పాలిపోయింది. “పోతే పోయిందిలేరా. వదిలెయ్.”

“నీకు తెలీదు నాన్నా. కాదన్నాక కూడా ఫోన్ పెట్టెయ్యనివాడికే డబ్బొస్తుంది. నేను రోజూ కూర్చునేది ఆ కాదనే సీట్లోనేగా.”

ఇన్నేళ్ళుగా జనం తనమీద ప్రయోగించిన అస్త్రాలన్నీ బయటికి తీశాడు. అరిచాడు. పై అధికారిని పిలవమన్నాడు. కోర్టుకెక్కుతానన్నాడు. చివరికి గొంతు బొంగురు చేసుకుని, “మా నాన్నకి పక్షవాతం అమ్మా, ఆయన మందుల డబ్బులవి,” అని కూడా అన్నాడు. ఆ నాన్న పక్కనే నిలబడి విన్నాడు.

భార్య ఉండబట్టలేక, “ఏమండీ, ఒక్కమాట…” అనబోయింది. ఆయన చెయ్యెత్తి ఆపేశాడు.

పై అధికారి దిగివచ్చాడు. “సరే సార్, దొంగతనం కిందే రాసుకుంటాం. డబ్బు వేసేస్తాం, గేమ్ తీసేస్తాం. ఆ దొంగ మళ్ళీ కొనకుండా మీ ఖాతాలో శాశ్వతంగా ఆపేస్తాం. చాలా?”

“అదీ! అలా రండి దారికి!”

డబ్బు పడింది. కుదరదుగారు విజయగర్వంతో తిరిగి చూస్తే, తండ్రి నల్లబడిన టీవీ ముందు కూర్చుని ఉన్నాడు.

“దొంగని నేనేరా,” అన్నాడు. “అడుగుదామనే అనుకున్నా. నువ్వు ఒప్పుకోవని భయమేసింది.”

కొడుకు అదే నంబరుకి మళ్ళీ ఫోన్ చేశాడు. ఈసారి అరవలేదు, బతిమాలాడు.

“డబ్బు తీసేసుకోండమ్మా, గేమ్ ఇచ్చెయ్యండి. ఆడింది దొంగ కాదు, మా నాన్న.”

“ఇందాక కూడా మీ నాన్నగారి సంగతే చెప్పారు కదా సార్,” అంది అమ్మాయి. “అప్పుడు నమ్మాం. ఒకసారి ఆపేశాక మేం కూడా తెరవలేమండి.”

“ఊరుకోరా,” అన్నాడు తండ్రి. “డిపోవాళ్ళు దింపేసినప్పుడే ఏడవలేదు నేను.” ఎడమచేత్తో కుడిచెయ్యి ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నాడు.

కాసేపటికి, మా సేవ ఎలా ఉందని గేమ్ కంపెనీ అడిగింది. కుదరదుగారు అయిదు నక్షత్రాలూ నొక్కాడు. పాపం, ఆయన అడిగినదంతా చేశారు మరి.