బంద్ నాటి సెలక్షన్

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరుగుతున్న రోజులవి. బంద్ అని తెలియగానే నగరం మొత్తం మీద ఎక్కువ సంతోషించినవాడు హేమంతే అయ్యుంటాడు. ఊరు ప్రొద్దుటూరు, ఉద్యోగం హైటెక్ సిటీలో, ప్రాణం ఫుట్‌బాల్ మీద. కొత్తగా పెట్టిన ఇండోర్ ఫుట్‌బాల్ జట్టుకు ఆ రోజే పదకొండింటికి ఖాజాగూడలో సెలక్షన్లు. ఇరవై ఎనిమిదేళ్లు నిండితే ఇక తీసుకోరు. అతనికి నిండడానికి పదకొండు రోజులే ఉన్నాయి.

పొద్దున్నే మేనేజర్ పార్థసారథికి ఫోన్ చేసి, "బంద్ కదా సార్, గడప దాటే దారి లేదు" అని దీనంగా చెప్పాడు. చెప్పి, సంచి భుజాన వేసుకుని, బంతి చంకన పెట్టుకుని గడప దాటాడు.

కొత్తగూడ చౌరస్తాలో ఉద్యమకారుల వంటావార్పు నడుస్తోంది. నడిరోడ్డు మీద ఒక పక్క గంజులనే పెద్ద గిన్నెల్లో పులిహోర, ఒక పక్క కబడ్డీ. మైకు పట్టుకున్న పెద్దాయన హేమంత్‌ని ఆపాడు.

"ఏంది తమ్మీ, బంద్ నాడు బాల్ పట్కొని ఏడికి?"

హేమంత్ జవాబు చెప్పబోయి ఆగాడు. నోరు తెరిస్తే సీమ యాస. తనకు తెలియకుండానే చెయ్యి నోటి మీదికి పోయింది, తల అడ్డంగా ఊగింది.

"అయ్యో, మాట రాదా బిడ్డా!" అంది పులిహోర కలుపుతున్న కమలమ్మ.

అంతే. "మాట రాకున్నా మనకోసం ఆడనీకి వచ్చిండు!" అని మైకు మోగింది. చప్పట్లు పడ్డాయి. రెండు ఖాళీ గంజులు గోలు పోస్టులయ్యాయి. ఇంకేం చేస్తాడు, ఆడాడు.

ఇంతలో అతని సంచిలో ఫోన్ మోగింది. కమలమ్మే ఎత్తింది.

"పిలగానికి మాట రాదు సార్. ఏమన్న ఉంటే నాకు చెప్పుండ్రి."

"మాట రాకపోవడమేంటండీ? పొద్దున నాతోనే మాట్లాడాడు!" అని అరిచాడు పార్థసారథి.

"పరేషాన్ గాకుండ్రి. మీరు వేరే నంబర్ కొట్టిన్రు" అని పెట్టేసింది.

పదకొండు కావస్తోంది. హేమంత్ జారుకోబోతుంటే పెద్దాయన భుజం పట్టుకున్నాడు.

"నా పేరు లక్ష్మీనారాయణ. ఇండోర్ జట్టు కోచ్‌ని. ఇయ్యాల ఖాజాగూడల సెలక్షన్లుండె, బంద్ అని నేనే ఆపిన. గని ఏం జేద్దాం తమ్మీ, ఆటల ఒకల్నొకలు పిల్చుకోవాలె. మాటొస్తే నీ పేరే రాసుకుందు."

బంద్ ఆఫీసుకే కాదు, సెలక్షన్లకూ ఉంటుందని హేమంత్‌కు అప్పుడు తట్టింది. ఇక ఆగలేకపోయాడు.

"నాకు మాట వస్తాది సార్! మాది ప్రొద్దుటూరు. నోరు తెరిస్తే ఏమంటారోనని బయపడినా."

కమలమ్మ పులిహోర విస్తరి తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"గింతదానికి మాట దాచుడేంది బిడ్డా? మేమేమన్న కొరుకుతమా?"

హేమంత్‌కు నిజంగానే సిగ్గేసింది.

లక్ష్మీనారాయణ మాత్రం అతన్ని కింది నుంచి పైదాకా చూశాడు. "గంట సేపు ఇంతమందిని నమ్మించినవ్. ఎవలు తాకకున్నా కాలు పట్కొని కిందపడి పొర్లుడు వస్తదా?"

"వస్తాది సార్."

"ఫౌల్ ఇయ్యాలంటే రిఫరీకి కండ్లల్ల నీళ్లు తిరగాలె."

"తిరిగేట్టు పొర్లుతా సార్."

కోచ్ జేబులోంచి కాగితం తీసి, అతని పేరు అడిగి, జట్టులో మొదటి పేరుగా రాసుకున్నాడు. అతని ఆట గురించి మాత్రం ఒక్క మాటా అనలేదు.