మైక్రోస్కోపు మీద పసుపు పొట్లం

ఆ గురువారం పొద్దున వాన్‌రూ పెట్టుకున్నవి మూడే పనులు. సోయాపాలు తాగడం, మైక్రోస్కోపు వెలిగించడం, పదింటికి వచ్చే కమిటీకి తన గాజుపలక చూపించి ఉద్యోగాన్ని ఇంకో మూడేళ్లు నిలబెట్టుకోవడం. వాటిలో సోయాపాలు తాగడం ఒక్కటే అనుకున్నట్టు జరిగింది.

షించు ఊళ్లోని ఒక విశ్వవిద్యాలయంలో ఆమె ద్రవస్ఫటికాల మీద పరిశోధన చేస్తోంది. టీవీల్లో, ఫోన్లలో మనకు బొమ్మలు చూపించేవి ఈ పదార్థాలే. అందరూ వాటితో రంగుల కోసం తంటాలు పడుతుంటే వాన్‌రూ మాత్రం నాలుగేళ్లుగా నలుపు కోసం పడుతోంది. కరెంటు ఇవ్వనప్పుడు ద్రవస్ఫటికం నింపిన గాజుపలక రవ్వంత వెలుతురునైనా బయటికి పోనివ్వకూడదు, మైక్రోస్కోపులో కటిక చీకటి కనిపించాలి. ఎన్ని పలకలు చేసినా ఏదో ఒక మూల నుంచి వెలుతురు కారుతూనే ఉంది. నిన్న సాయంత్రం చేసిన పలక మీద ఆమెకు కాస్త ఆశ ఉంది గానీ, ఆమె గురువు టెంగ్ మాస్టారికి లేదు.

"కమిటీకి నలుపు చూపిస్తావా? దానికి కళ్లు మూసుకుంటే సరిపోతుంది కదా! కాస్త రంగు చూపించు తల్లీ" అన్నారాయన. ఆయన లెక్కల మనిషి. మైక్రోస్కోపును ముట్టుకుని పన్నెండేళ్లయింది.

తొమ్మిదింటికి ప్రయోగశాల తలుపు తీసేసరికి, యంత్రాలు చూసుకునే ఫాంగ్ బాబాయి నెత్తిన చేతులు పెట్టుకుని కూర్చున్నాడు.

"కొంప మునిగిందమ్మాయ్! పొట్లం గడువు నిన్నటితో అయిపోయింది!"

వాన్‌రూ మైక్రోస్కోపు మీది పొట్లం తీసి తేదీ చూసుకుంది. ఆ ఊళ్లో ఏ యంత్రం నెత్తినైనా కరకరలాడే మొక్కజొన్న చిరుతిండి పొట్లం ఒకటి ఉండాల్సిందే. ఉంటే యంత్రం బుద్ధిగా పనిచేస్తుంది. అదీ ఆకుపచ్చ పొట్లమే అయి ఉండాలి, గడువు దాటకూడదు, ఎవరూ తినకూడదు. పసుపుది పెడితే యంత్రం మొరాయిస్తుంది. ఎర్రది పెట్టే ధైర్యం ఇంతవరకూ ఎవరూ చేయలేదు. ద్రవస్ఫటికాల్లో డాక్టరేటు పుచ్చుకున్న వాన్‌రూకి ఈ విషయంలో ఏ సందేహమూ లేదు.

ఈదురుగాలిలో స్కూటరేసుకుని మూడు దుకాణాలు తిరిగింది. మూడో దుకాణం ఆవిడ చేతులెత్తేసింది. "పక్కనే కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీలో కొత్త యంత్రాలు దించారట. ఆకుపచ్చవన్నీ పెట్టెలకు పెట్టెలు ఎత్తుకుపోయారు. పసుపువి ఉన్నాయి, ఇవ్వనా?"

తొమ్మిదీ నలభైకి వాన్‌రూ పసుపు పొట్లానికి ఆకుపచ్చ కాగితం చుట్టి, టేపు ముక్కలు పంటితో తెంపి అతికిస్తోంది.

"యంత్రాన్ని మోసం చేస్తున్నావు" అన్నాడు ఫాంగ్.

"అదేమన్నా రుచి చూస్తుందా బాబాయ్? పైరంగు చాలు!"

"నాకు తెలియదు. నేనైతే చూళ్లేదు" అని ఆయన గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

ఆ హడావిడిలో టేపు ముక్కలు చేతులకు, జుట్టుకు, చొక్కా అంచుకు అంటుకున్నాయి. అన్నీ పీకేశాననుకుని గాజుపలకను మైక్రోస్కోపు కింద పెట్టిందో లేదో, కమిటీ పది నిమిషాలు ముందే వచ్చేసింది. ముందు టెంగ్ మాస్టారు, వెనక డీన్, ఆ వెనక కమిటీ అధ్యక్షురాలు షియావ్ మేడమ్. ఆవిడ ముప్పై ఏళ్లు టీవీ తెరల ఫ్యాక్టరీ నడిపి పదవీ విరమణ చేసిన మనిషి. నవ్వినట్టు దాఖలాలు లేవు.

వాన్‌రూ స్విచ్చి నొక్కింది. గోడమీద పెద్ద తెర వెలిగింది. గులాబీ, నెమలికంఠం నీలం, నిమ్మపండు పసుపు, పట్టీలు పట్టీలుగా ధగధగమన్నాయి.

"ఆహా!" అన్నారు టెంగ్ మాస్టారు. "ఇలాంటిది నేను జన్మలో చూడలేదు!"

వాన్‌రూ చూసింది. ఏటా బడిపిల్లలు వచ్చినప్పుడు వాళ్లకు ఆమె చూపించేది ఇదే. పలకకి టేపు ముక్క అంటుకుంది! మైక్రోస్కోపులోని రెండు ప్రత్యేక గాజుల మధ్య మామూలు టేపు పెడితే ఇలాగే రంగులు పూస్తుంది.

"సార్, అది..."

"మాట్లాడకు, అనుభవించనీ! డీన్ గారూ, ఇది కొత్త దశ. పదార్థానికి ఇంతవరకూ ఎవరూ ఎరగని స్థితి!"

"పేరు పెట్టారా?" అన్నాడు డీన్, అప్పటికే ఫోను తీసి.

"నేనేం చెప్పను... లోకం టెంగ్ దశ అంటుందేమో" అని మాస్టారు సిగ్గుపడ్డారు.

"సార్, ఒక్క మాట..."

"హలో, ఫొటోగ్రాఫర్ని పంపండి. బ్యానరు కూడా రాయించండి. టెంగ్ దశ. అవును, పెద్దక్షరాలు!" డీన్ ఆగేలా లేడు. "పేపరు వాళ్లు పన్నెండింటికి వస్తారు. భోజనాలు కూడా చెప్పేశాను. బియ్యపు సేమ్యా, మాంసం ఉండల పులుసు."

"వేడి చెయ్యండి" అన్నారు షియావ్ మేడమ్.

వేడి చేశారు. నలభై, యాభై, అరవై డిగ్రీలు. ఏ ద్రవస్ఫటికమైనా కాస్తో కూస్తో రంగు మార్చాలి. టేపు చెక్కుచెదరలేదు.

"చూశారా స్థిరత్వం! ప్రకృతికే పాఠం చెబుతోంది!" మాస్టారి కళ్లు చెమర్చాయి.

షియావ్ మేడమ్ వాన్‌రూ వైపు తిరిగారు. "పలక చేసింది నువ్వా? అయితే నువ్వు చెప్పు. ఏమిటది?"

నోరు మూసుకుంటే ఉద్యోగం ఖాయం. మూడేళ్ల జీతం, పేపర్లో ఫొటో, పులుసు. ఆ ఆశ వాన్‌రూని నిజంగానే పట్టి లాగింది. కానీ నాలుగేళ్లు నలుపు కోసం కళ్లు కాయలు కాచేలా చూసిన మనిషికి ఆ రంగులు చూస్తుంటే ఒళ్లు మండింది.

"టేపు, మేడమ్" అంది.

"ఏ దశ?" అన్నాడు డీన్.

"దశ కాదండీ. టేపు. స్టేషనరీ కొట్లో దొరుకుతుంది."

పట్టకారుతో ముక్క పీకి, జిగురు తుడిచి, పలక మళ్లీ పెట్టింది. తెర మొత్తం కారునలుపైపోయింది. మాస్టారు కుర్చీలో కూలబడ్డారు. డీన్ బ్యానరు ఆపించడానికి మళ్లీ ఫోను కలపబోయాడు.

షియావ్ మేడమ్ మాత్రం తెర దగ్గరికి వెళ్లి ముక్కు ఆనేంతగా చూశారు.

"దీపం వెలుగుతోందా?"

"వెలుగుతోంది మేడమ్."

"పలక ఉందా?"

"ఉంది."

"కరెంటివ్వు."

తెర తెల్లగా వెలిగింది. ఆపితే మళ్లీ కటిక చీకటి. నాలుగు మూలలా ఎక్కడా రవ్వంత వెలుతురు కారడం లేదు. అప్పుడు చూసింది వాన్‌రూ. వచ్చేసింది, నలుపు వచ్చేసింది!

"ముప్పై ఏళ్లు" అన్నారు షియావ్ మేడమ్ మెల్లగా. "ఈ నలుపు కోసం నా దగ్గర ఆరువందల మంది ఏడ్చారమ్మా." అని నవ్వారు. ఆవిడ నవ్వగా చూసినవాడినని ఫాంగ్ బాబాయి ఇప్పటికీ చెప్పుకుంటాడు.

ఆ నవ్వుతోనే ఆవిడ మైక్రోస్కోపును ఆప్యాయంగా నిమిరారు. చేతికి పొట్లం తగిలింది. ఆకుపచ్చ కాగితం ఊడిపోయింది. ఆవిడ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"పసుపుదా! టేపుని కొత్త దశ అన్నారు, పోనీ క్షమిస్తాను. పసుపుది పెట్టి యంత్రం నడుపుతారా? మనుషులేనా మీరు?"

"నేనైతే చూళ్లేదు" అన్నాడు ఫాంగ్.

ఆవిడ చేతిసంచి తెరిచి, మడత నలగని ఆకుపచ్చ పొట్లం ఒకటి తీసి, గడువు తేదీ రెండుసార్లు చదివి, రెండు చేతులతో మైక్రోస్కోపు మీద పెట్టారు. భోజనాలు చెప్పేశారు కాబట్టి అందరూ పులుసు తాగారు.

వారం తిరక్కుండా కమిటీ ఉత్తరం వచ్చింది. వాన్‌రూ ఉద్యోగాన్ని మూడేళ్లకు బదులు అయిదేళ్లు పొడిగించారు. చివర్లో, పరిశోధన మీద కమిటీకి ఎలాంటి అభ్యంతరమూ లేదనీ, పొట్లం మీద విచారణ కొనసాగుతుందనీ ఉంది.