రాజావారు దాణా ముట్టని కేసు

"ఈ ఊళ్లో నేరం చేసి తప్పించుకోవాలనుకునేవాడికి నేనిచ్చే సలహా ఒక్కటే," అన్నాడు భూతద్దం, తన కళ్లద్దాల షాపులో బల్ల వెనక నిటారుగా నిలబడి. "ముందు నా చూపు పడని ఊరు వెతుక్కోమనండి. మనిషిని ఒక్కసారి చూశానంటే పుట్టుపూర్వోత్తరాలన్నీ తెలిసిపోతాయి. ఉదాహరణకి మీరే. కొత్తగా పెళ్లయింది, నిద్ర సరిగా లేదు, గుండెల్లో ఏదో భయంకర రహస్యం మోస్తున్నారు."

"నాకు డెబ్బై దాటాయి నాయనా," అంది బల్ల అవతలి పెద్దావిడ. "నీ అద్దాలు నుదుటి మీదున్నాయి. కిందికి లాక్కుని చూడు."

భూతద్దం అన్నది వీధి పెట్టిన పేరు. షాపు ఆయనకి కూడు పెడుతుంది, డిటెక్టివ్ పిచ్చి ఆ కూడు అరక్కుండా చేస్తుంది. ఇంతవరకు ఆయన చేపట్టిన కేసుల్లో చెప్పుకోదగ్గది పోయిన గొడుగు కేసు. వానలో ఊరంతా తిరిగి, కనపడ్డవాడినల్లా నిలదీసి, చివరికి ఇంటికొచ్చి తలెత్తి చూస్తే ఆ గొడుగు ఆయన చేతిలోనే ఉంది. ఈ సంగతి ఆయన దాచడు. "నేరస్థుణ్ణి ఎవడైనా పడతాడు, వాడు తనేనని తేల్చినవాడు నేనొక్కణ్ణే," అని తనే చెప్పి నవ్వుతాడు.

ఈమధ్య ఆయనకి మీసం లేదు. అడిగినవాళ్లకి మారువేషం అని చెబుతున్నాడు. అసలు సంగతి ఇది. చెల్లెలి మొగుడికి సెలూన్ ఉంది. రోజూ సాయంత్రం షాపు కట్టేసి అక్కడికి పోవడం, గడ్డం గీయించుకుంటూ బావతో గొడవపడటం భూతద్దానికి అలవాటు. గొడవ ఎప్పుడూ ఒకటే: గుర్రప్పందేల్లో పేరు మోసిన ట్రైనర్ గొప్పవాడా, అదృష్టవంతుడా? ఊరంతా ఆ ట్రైనర్ని పెద్దాయన అంటుంది. ఆయన గుర్రాలవి కంచెలు దూకే పందేలు కావు, చదును నేల మీద ఊపిరి బిగబట్టి పరిగెత్తే పందేలు. వాటిలో పెద్ద కప్పులన్నీ ఏళ్ల తరబడి ఆ లాయానికే పోతున్నాయి. డెర్బీ ఆయనదే, ఆడగుర్రాల పెద్ద పందెం ఆయనదే, మైలు పందెం ఆయనదే.

"అలాంటివాడు మళ్లీ పుట్టడు," అంటాడు సెలూన్ బావ.

"పరిగెత్తేవాటిలో సగం ఆయన గుర్రాలే. కప్పు ఆయనింటికి రాక నీ సెలూన్‌కి వస్తుందా?" అంటాడు భూతద్దం.

చివరిసారి మాత్రం ఆయన ఒకడుగు ముందుకేసి, "ఆ గుర్రాలు నాకిస్తే నేనూ కొడతాను డెర్బీ," అన్నాడు. బావ చెయ్యి అదిరింది. కత్తి సగం మీసాన్ని పట్టుకుపోయింది. భూతద్దం దాన్ని హత్యాప్రయత్నం అన్నాడు, బావ న్యాయం అన్నాడు. మాటా మాటా పెరిగి మాటల్లేకుండా పోయాయి. సెలూన్ గోడ మీద 'ఇక్కడ గుర్రాల ఊసు ఎత్తరాదు' అని బోర్డు వెలిసింది. భూతద్దం ఇంటికొచ్చి మిగిలిన సగం మీసం తనే గీసుకుని, అద్దంలో చూసుకుని, తనని తనే గుర్తుపట్టలేక కాసేపు అనుమానించాడు.

పెద్దావిడ అటు వెళ్లగానే ఇటు మేనకోడలు వచ్చింది. సెలూన్ బావ కూతురు, పెద్దాయన లాయంలోనే గుర్రాల్ని చూసుకునే పని చేస్తుంది. రావడమే కళ్లు తుడుచుకుంటూ వచ్చింది.

"రాజావారు దాణా ముట్టడం లేదు మామయ్యా."

ఆ లాయంలో డెర్బీకి సిద్ధమవుతున్న గుర్రం పేరు పత్రికల్లో ఏదో పెద్దదే ఉంది గాని, దాని ఠీవి చూసి ఈ పిల్ల రాజావారని పిలుస్తుంది.

"ఎప్పట్నించి?"

"వారం అవుతోంది. పొద్దున దాణా తింటాడు. సాయంత్రంది ముట్టడు. తొట్టి దగ్గర నిలబడి చెవులు రిక్కించి అలా ఎదురు చూస్తాడు. పళ్లు చూశారు, పొట్ట చూశారు, డాక్టర్ ఏం లేదన్నాడు. రేపు ఆదివారం కాక వచ్చే ఆదివారమే పందెం. ఇవాళ కూడా తినకపోతే పందెం నుంచి తీసేస్తారట. నా చేతిలో ఏదో లోపం ఉందని అందరూ అంటున్నారు. వేరేవాళ్లకి అప్పగిస్తారట మామయ్యా. ఆ పని కోసం ఇంట్లో ఎంత పోట్లాడానో నీకు తెలుసుగా."

భూతద్దానికి తెలుసు. ఆ పోట్లాటలో ఆయన పిల్ల పక్షమే. అయినా నోరు ఊరుకోదు కదా.

"విషప్రయోగం," అన్నాడు గొంతు తగ్గించి.

"విషమైతే తినాలిగా మామయ్యా. వాడసలు తినట్లేదు."

"అదే ఆ దుర్మార్గుడి తెలివి. పద."

సందులు చుట్టి, మలుపులు తిరిగి ఇద్దరూ లాయానికి చేరారు. మూల కొట్టంలో రాజావారు గడ్డి మీద నిలబడి ఉన్నారు. తొట్టినిండా ఓట్స్, తవుడు. భూతద్దం జేబులోంచి పెద్ద అద్దం తీసి తొట్టి అంచు పరిశీలించి, ఊపిరి బిగబట్టాడు.

"దొరికింది. వెంట్రుక. నల్లగా, పొడుగ్గా ఉంది."

"వాడి ఒంటి నిండా అవే మామయ్యా. అది గుర్రం."

ఆయన ఏమాత్రం తొణక్కుండా గుప్పెడు దాణా నోట్లో వేసుకుని నమిలాడు. "బాగుంది. అనుమానించాల్సినంత బాగుంది," అని ఇంకో గుప్పెడు వేసుకున్నాడు. రాజావారు ఆ మొహం మీద తుమ్మారు. అద్దం తుడుచుకుంటూ వెనక్కి వాలిన భూతద్దానికి గోడ పైభాగాన, కప్పు కింద, చిన్న గాలి కిటికీ కనిపించింది. బకెట్ బోర్లించి ఎక్కి తొంగి చూశాడు.

"ఇదే వాళ్ల స్థావరం," అని గుసగుసలాడాడు. "కుర్చీకి ఒక మనిషిని ఒరగేశారు. మొహమంతా తెల్లగా నురగ. ఎదురుగా ఒక బట్టతల రాక్షసుడు, చేతిలో కత్తి."

"అది నాన్న సెలూన్ మామయ్యా. గేటు అటు వీధిలో ఉంది కాబట్టి మనం చుట్టూ తిరిగొచ్చాం. గోడ ఒకటే."

భూతద్దం బకెట్ దిగి పిల్ల వైపు చూశాడు. ఆమె నవ్వడం లేదు. మామూలుగా ఇలాంటి చోట ఎవరో ఒకరు నవ్వుతారు, వాళ్లతోపాటు తనూ నవ్వేసి బయటపడతాడు. ఈసారి ఆ దారి లేదు. పిల్ల తొట్టి అంచు పట్టుకుని, గుర్రం మెడ మీద తల ఆనించి నిలబడి ఉంది. ఆయనకి భయం వేసింది. గొడుగులూ పిల్లులూ పోతే పోయాయి, ఇది ఈ పిల్ల బతుకు. తనకి నిజంగా ఏమీ చేతకాదని ఆయనకి తెలుసు. తెలిసినా, ఇంకేం చేయాలో తోచక, తోచిందే చేశాడు.

"అందర్నీ పిలు. నేరస్థుణ్ణి బయటపెడతాను."

పెద్దాయన వచ్చాడు. బక్కపలచని మనిషి, బురద బూట్లు, మెత్తని గొంతు. సెలూన్ బావ కూతురి కోసం వచ్చాడే గాని భూతద్దం మొహం చూడలేదు. మెడకి తువ్వాలు, చేతిలో కత్తెర అలాగే ఉన్నాయి.

భూతద్దం చేతులు వెనక్కి కట్టుకుని కొట్టంలో ఇటూ అటూ నడిచాడు. "నేరం చేసినవాడు మన మధ్యే ఉన్నాడు. కిటికీ అతని గోడకే ఉంది. ఆయుధం అతని చేతిలోనే ఉంది."

"దీంతో జుట్టు కత్తిరిస్తాను," అన్నాడు బావ గోడకేసి చూస్తూ. "పెద్దాయనంటే నాకు ప్రాణం. ఆయన గుర్రాన్ని నేనెందుకు ఏమైనా చేస్తాను?"

"ప్రాణం కాబట్టే చేశావు. గుర్రం పరిగెడితే ఓడిపోవచ్చు. పరిగెత్తకపోతే ఓడినట్టు కాదు. రికార్డు చెక్కుచెదరదు. ఆ రికార్డు కాపాడటానికి నోరులేని జీవాన్ని పస్తు పెట్టావు."

బావ ఇటు తిరిగాడు. "ఆ రికార్డుని నేను కాపాడాలా? డెర్బీ ఎన్నిసార్లు కొట్టాడో తెలుసా నీకు?"

"ఎన్నిసార్లని కాదు, ఎన్ని గుర్రాలతోనని అడుగు. ఎనిమిది పరిగెడితే నాలుగు ఆయనవే."

"నాలుగు గుర్రాల్ని ఒకే రోజుకి పదును పెట్టడం మాటలా? నువ్వు ఒక్క జత కళ్లద్దాలు చెప్పిన రోజుకి ఇవ్వలేవు."

"రెండు మైళ్ల పందెం సంగతేంటి మరి? అందులో కొట్టింది ఒకే ఒక్కసారి, అదీ వానలో. మిగతా గుర్రాలన్నీ జారాయి."

"ఆయన గుర్రం ఎండలో పరిగెత్తిందా? దానికీ అదే వాన కదా."

"లక్షలు పోసి కొన్న గుర్రాలు బావా. ముసలి గుర్రాన్ని ఇచ్చి గెలిపించమను చూద్దాం."

"లక్షలు పోసినవాళ్లు నీ దగ్గరికి ఎందుకు రాలేదో అది ఆలోచించు."

ఇద్దరి గొంతులూ కప్పుకి తగులుతున్నాయి. భూతద్దం వేలు చూపిస్తున్నాడు, బావ కత్తెర ఆడిస్తున్నాడు. వారం రోజుల మాటలు కడుపులో పేరుకుపోయి ఉన్నాయేమో, ఒకరి మాట ఒకరికి అందకముందే రెండోది వచ్చి పడుతోంది. అంతలో భూతద్దం చెయ్యెత్తి ఆపాడు.

"ఏదో కరకరమంటోంది. ఎవరో సాక్ష్యాన్ని నమిలేస్తున్నారు."

అందరూ తిరిగి చూశారు. రాజావారి మూతి తొట్టిలో ఉంది. నిశ్శబ్దం కాగానే ఆయన తల ఎత్తి, చెవులు రిక్కించి, నమలడం ఆపేశారు.

"మామయ్యా, ఆపకు," అంది మేనకోడలు. "మాట్లాడు."

"ఏం మాట్లాడను?"

"రోజూ అనేదే. పెద్దాయన గొప్పవాడు కాదని చెప్పు."

భూతద్దం పెద్దాయన వైపు చూశాడు. ఎదురుగా మూరెడు దూరంలో నిలబడ్డ మనిషిని పట్టుకుని ఆ మాట అనడం ఆయనకి ఇంతకుముందు అవసరం పడలేదు.

"కానివ్వండి," అన్నాడు పెద్దాయన.

"అంటే, గొప్పవారు కాదని కాదు," అని నసిగాడు భూతద్దం. రాజావారు కదల్లేదు. "గొప్పవారే కాని..." రాజావారు మొహం తిప్పేసుకున్నారు.

"గట్టిగా అనండి. నా గుర్రం మాడుతోంది," అన్నాడు పెద్దాయన.

"అదృష్టం," అని అరిచాడు భూతద్దం. "ఒట్టి అదృష్టం. ఆ గుర్రాల్ని తోలడానికి ట్రైనర్ ఎందుకు, గేటు తీసేవాడుంటే చాలు."

"నోరు అదుపులో పెట్టుకో," అని అందుకున్నాడు బావ. రాజావారి మూతి తొట్టిలోకి దిగింది. మళ్లీ కరకర మొదలైంది. ఇంకా క్షవరం సగమే అయిన గిరాకీ కిటికీకి అవతలినుంచి "నా సంగతేంటండీ" అని కేకేశాడు గాని ఎవరూ పట్టించుకోలేదు. తొట్టి ఖాళీ అయ్యేదాకా బావలిద్దరూ ఆగలేదు.

"గుర్రానికి అలవాటే ప్రాణం," అన్నాడు పెద్దాయన ఆ తర్వాత. "పిల్లగా వచ్చిన రోజునుంచి వీడిది ఈ కొట్టమే. సాయంత్రం దాణా పెట్టే వేళకే మీ గొడవ. మీ గొంతులు వినపడితేనే లోకం సవ్యంగా ఉన్నట్టు వీడికి. వారం నుంచి గోడ మాట్లాడటం మానేసింది. ఏదో ఉపద్రవం అనుకుని బిగుసుకుపోయాడు."

"నేను మొదటే ఊహించాను," అని మొదలుపెట్టాడు భూతద్దం. మేనకోడలు గుర్రం మెడని కావలించుకుని ఏడుస్తూ నవ్వుతోంది. అది చూసి ఆయనకి అబద్ధం నోట్లో ఆగిపోయింది. "లేదమ్మా. నాకేం తెలీదు. పస్తు పెట్టినవాళ్లలో నేనూ ఒకణ్ణి."

బావ సగం క్షవరం దగ్గరికి పరిగెత్తాడు. పిల్ల నీళ్లకి వెళ్లింది. పెద్దాయన బోర్లించిన బకెట్ మీద కూర్చుని బూటు బురద గోకాడు.

"చాలా సాయంత్రాలు నేనూ ఇక్కడ కూర్చుని మీ గొడవ విన్నానండి," అన్నాడు. "బయట అందరూ పొగిడేవాళ్లే. ఒక్క మాట తిరిగి అనేవాళ్లు లేరు. మీరు చెప్పేది విని నాలో నేను అవునవును అనుకునేవాణ్ణి. మీరన్నదే నిజం. మంచి గుర్రాలు నా దగ్గరికొచ్చాయి. వాటిని పాడుచెయ్యకుండా ఉన్నాను, అంతే. ఎవరితోనూ అననిది మీతో అన్నాను."

ఇన్నేళ్ల డిటెక్టివ్ బతుకులో భూతద్దం ముందు ఒక మనిషి వచ్చి ఒప్పుకోవడం అదే మొదలు.

మర్నాడే సెలూన్ గోడ మీది బోర్డు పోయింది, సాయంత్రాల గొడవ మళ్లీ మొదలైంది. పందెం ఆదివారం రాజావారు డెర్బీ గెలిచారు. ఆ సాయంత్రం సెలూన్లో బావ మొహం వెలిగిపోతోంది. నురగ కలుపుతూ, "ఇప్పుడేమంటావ్?" అన్నాడు.

భూతద్దానికి నాలుక చివరిదాకా వచ్చింది. మీ పెద్దాయనే ఒప్పేసుకున్నాడు బావా, నా చెవులతో విన్నాను. ఆ ఒక్క మాటతో ఈ వాదన తేలిపోతుంది, ఇన్నేళ్లకి తను గెలుస్తాడు. బావ నోరు మూతపడుతుంది. మళ్లీ ఈ ఊసు ఎత్తడు. ఈ గోడకి ఇవతల సాయంత్రాలు చప్పబడిపోతాయి. ఆ పైన మైలు పందెం ఉంది, రాజావారు ఇంకా చాలాకాలం తినాలి.

అవతల బకెట్ పెట్టిన చప్పుడు వినిపించింది. ఆయన ఆ మాట మింగేశాడు. అంత గట్టి సాక్ష్యాన్ని మింగడం కష్టంగానే ఉంది.

"ఏమంటానేంటి? ఏడు పరిగెడితే నాలుగు ఆయనవే. ఇదీ ఒక గెలుపేనా?" అన్నాడు.

బావ రెచ్చిపోయాడు. భూతద్దం ఎదురు చెప్పాడు, చిక్కుకున్నాడు, తన మాటకి తనే అడ్డొచ్చాడు, చిత్తుగా ఓడిపోయాడు. అంత హాయిగా ఆయన ఎప్పుడూ ఓడిపోలేదు. ఇక చాలని బావ తువ్వాలు దులుపుతుంటే, గాలి కిటికీలోంచి మేనకోడలి గొంతు వినిపించింది.

"ఇంకొంచెం తిట్టు మామయ్యా. తొట్టి అడుగున గుప్పెడు మిగిలింది."