మా ఇంట్లో అద్దెకున్నావిడ

నవ్వబోమని మాటిస్తే చెప్తాను. నవ్వకుండా వినడం మీవల్ల కాదని తెలుసు గానీ, మర్యాదకి అడుగుతున్నాను.

ఓనర్లు ఎక్కడో ఉంటే, వాళ్ళ ఫ్లాట్లూ, వాటిలో అద్దెకున్నవాళ్ళ బాగోగులూ చూసే కంపెనీ మాది. కుళాయి కారినా, లిఫ్టు ఆగినా నాకే ఫోను. ఊరందరి కుళాయిలూ బాగుచేయించే నా సొంత ఇంట్లో మాత్రం వంటింటి కుళాయి కారుతూనే ఉంది.

"ఇవాళైనా చూస్తారా?"

"రేపు తప్పకుండా."

"మీ రేపుకి మీసాలు కూడా వచ్చేశాయండీ," అంది మా ఆవిడ.

ప్లంబర్ని పిలిస్తే ఖర్చు. నేనే చేద్దామంటే ఒళ్ళు వంగదు. అంతలో వేసవి సెలవులొచ్చి, కాలేజీ పిల్లలు మా ఆఫీసుకి ఇంటర్న్‌షిప్‌కి దిగారు. అందులో ఒకమ్మాయిని నాకప్పగించారు. ఏం చెప్పినా "ఎందుకు సార్?" అంటుంది. అందుకే ఆఫీసంతా కలిసి 'ఎందుకమ్మ' అని పేరు పెట్టేశాం.

సెలవుల చివర్లో పిల్లలకి ఓ పరీక్ష ఉంటుంది. ఏదో ఒక ఫ్లాటుకి వెళ్ళి అక్కడి ఫిర్యాదు తీర్చాలి. అద్దెకున్నవాళ్ళు "తీరింది" అంటేనే తీరినట్టు. మా కంపెనీలో వాళ్ళ మాటకి తిరుగులేదు. నెగ్గినవాళ్ళకి ఉద్యోగం.

"ఈ ఉద్యోగమొస్తే మా అమ్మ రాత్రి డ్యూటీలు మానేస్తుంది సార్," అంది ఎందుకమ్మ. నా గుండె కలుక్కుమంది. కలుక్కుమన్న గుండెతోనే మా ఇంటి అడ్రసు చేతిలో పెట్టాను.

"అక్కడున్నావిడ మహా గయ్యాళి. ఆవిణ్ణి మెప్పిస్తే నెగ్గినట్టే."

"ఎందుకు గయ్యాళి సార్?"

"మొగుడు మంచివాడు. అలుసిచ్చేశాడు."

అంతా బాగానే ఉంది. పరీక్ష రోజు పొద్దున్నే మా బాసు, "నేనూ వస్తా పద," అన్నాడు. నా పైప్రాణాలు పైనే పోయాయి. ఓ మూలకెళ్ళి ఇంటికి ఫోను చేశాను.

"ఇవాళొక్క గంట నేనెవరో నీకు తెలీదు."

"పెళ్ళైనప్పట్నుంచీ తెలీట్లేదు. కొత్తేముంది?"

"పెళ్ళి ఫోటో దాచెయ్. నువ్వు అద్దెకున్నావిడవి. కుళాయి బాగవుతుందే!"

కుళాయి మాట వినగానే ఒప్పుకుంది.

తలుపు తీసి నన్ను ఎగాదిగా చూసింది. "ఎవరండీ మీరు? కాళ్ళు తుడుచుకుని రండి."

ఎందుకమ్మ పనిముట్ల సంచి దించి, "ఇన్నాళ్ళూ ఎందుకు చేయించలేదండీ?" అనడిగింది.

"మా ఆయనున్నాడమ్మా. మాటలు కోటలు దాటతాయి, కాలు గడప దాటదు. అన్నిటికీ రేపంటాడు. తిండికి మాత్రం అనడు."

బాసు నావైపు తిరిగి, "ఇలాంటి మొగుళ్ళు కూడా ఉంటారటయ్యా!" అన్నాడు.

"ఉంటారు సార్," అన్నాను.

బాసుకి ఫోనొచ్చి బాల్కనీలోకి వెళ్ళాడు. వెంటనే ఎందుకమ్మ, "ఆంటీ ఇంత మంచివారు కదా, మీరు గయ్యాళని ఎందుకన్నారు సార్?" అంది.

"అన్నారా!" అంది మా ఆవిడ. ఆ చూపుకి గోడ సున్నం రాలాల్సింది.

మాట మార్చాలి కదా! ఆ పిల్ల "ముందు నీళ్ళ వాల్వు కట్టాలి సార్," అంటున్నా వినకుండా రెంచి లాక్కున్నాను. "ఈపాటి కుళాయికి వాల్వెందుకూ?" అని ఒక్క తిప్పు తిప్పాను.

ఎందుకో నీళ్ళే చెప్పాయి. కుళాయి తల ఊడి నా చేతిలోకొచ్చింది, నీళ్ళు కప్పుదాకా లేచాయి. వాల్వు కోసం మంచం కింద కూడా వెతికాను. నా ఇంట్లో వాల్వెక్కడుందో నాకు తెలిసి చస్తేగా! ఎందుకమ్మే సింకు కింద డబ్బాలు తోసి, చెయ్యి దూర్చి కట్టేసింది. రొప్పుతూనే కొత్త వాషరు వేసి కుళాయి బిగించింది.

అప్పుడొచ్చాడు బాసు. "వాల్వు కట్టకుండా కుళాయి విప్పిందెవరు? నువ్వేనా అమ్మాయ్? అయితే పరీక్ష పోయినట్టే!"

ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నావైపు చూసింది గానీ పెదవి విప్పలేదు. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

మా ఆవిడ లోపలికెళ్ళి, ఓ చేత్తో పొడి చొక్కా, ఇంకో చేత్తో పెళ్ళి ఫోటో పట్టుకొచ్చింది. "ముందు మీ చొక్కా మార్చుకోండి, జలుబు చేస్తుంది. తర్వాత నిజం మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

నేనే చెప్పాను. ఫోటోకి భయపడి కొంత, ఆ పిల్ల మొహం చూడలేక మిగతాది.

బాసు ఫోటో చూశాడు, నన్ను చూశాడు, పొట్ట పట్టుకుని నవ్వాడు. తర్వాత రూలు రూలే కాబట్టి మా ఆవిణ్ణి అడిగాడు. "ఏమ్మా, ఫిర్యాదు తీరినట్టేనా?"

"కుళాయిది తీరిందండీ. బంగారంలాంటి పిల్ల, ఉద్యోగం ఇవ్వకపోతే ఊరుకోను. మొగుడి మీద ఫిర్యాదు మాత్రం అలాగే ఉంచండి."

ఎందుకమ్మకి ఉద్యోగమొచ్చింది. వాళ్ళమ్మ ఇప్పుడు రాత్రిళ్ళు ఇంట్లోనే హాయిగా నిద్రపోతోందట. వినగానే నాకూ కడుపు నిండినట్టయింది. కాకపోతే ఆ రెండో ఫిర్యాదు కూడా బాసు ఆ పిల్లకే అప్పగించాడు. ఆదివారమొస్తే చాలు, సంచితో సహా మా గుమ్మంలో ప్రత్యక్షం. అల్మరా తలుపు నాచేత బిగింపిస్తుంది, ఫ్యాను నాచేత తుడిపిస్తుంది.

అంతా అయ్యాక, "ఫిర్యాదు తీరిందా ఆంటీ?" అనడుగుతుంది.

మా ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, తాపీగా అంటుంది. "రేపు చెప్తానమ్మా."