పార్కులో ఇంగ్లీషు మేడం

ఆ ఆదివారం సారంగపాణి వేసుకున్న ప్లాను చాలా చిన్నది. రెండో చాయ్ తాగాలి, ప్రిన్సిపాల్ పెట్టిన ఆన్‌లైన్ మీటింగులో కాసేపు కూర్చోవాలి, అది కాగానే సంచి పట్టుకుని మటన్‌కు పోవాలి. వీటిలో మొదటిదీ చివరిదీ ఆయనకు ఇష్టమైన పనులు. ఎటొచ్చీ మధ్యలో ఉన్నదానికే ల్యాప్‌టాప్‌లోంచి శబ్దం రావాలి. పొద్దున్నే తెరిచి చూస్తే అదే రావడం లేదు.

సారంగపాణి హసన్‌పర్తిలోని ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో తెలుగు చెబుతాడు. ఆయన ల్యాప్‌టాప్ ముసలిది. మీట నొక్కాక అది కళ్లు తెరిచేలోగా పొయ్యి మీద పప్పు ఉడికిపోయేది. పారేసి కొత్తది కొనమని అందరూ అన్నారు. ఆయన మాత్రం నాలుగు వీడియోలు చూసి, గుండె దిటవు చేసుకుని, తనంతట తానే అందులో లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టం ఎక్కించాడు. ముసలి ల్యాప్‌టాప్ లేడిపిల్లలా లేచి పరుగెత్తింది. ఇక స్టాఫ్ రూములో ఆయన్ని పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. "పాత సిస్టం కిరాయి ఇల్లు లెక్క. లినక్స్ అంటె సొంతిల్లు. ఎవ్వనికి జవాబు చెప్పే పనిలేదు" అని లెక్కల సార్లకు కూడా పాఠం చెప్పాడు. సొంతింట్లో నల్లా కారితే బాగుచేసుకోవలసింది కూడా తానేనన్న సంగతి ఈ ఆదివారం దాకా ఆయనకు తట్టలేదు.

మీటింగు ఎగ్గొట్టడానికీ లేదు. ములుగులో కొత్తగా తెరిచిన బ్రాంచికి తెలుగు సారును ఒకరిని పంపాలి. ఎవరిని పంపేదీ ఈ మీటింగులోనే చెబుతానని ప్రిన్సిపాల్ వెంకట్రాజం ముందే అన్నాడు. కాలేజీలో తెలుగు సార్లు ఇద్దరే. రెండో ఆయన, ప్రిన్సిపాల్ నోరు తెరవకముందే తల ఊపే మనిషి.

"ప్రేమా, సౌండ్ వస్తలేదే" అన్నాడు సారంగపాణి, వంటింటి వైపు చూసి.

భార్య ప్రేమలత వంటింట్లో లేదు. కొత్త ట్రాక్‌సూట్ వేసుకుని, చంకలో బ్లూటూత్ స్పీకర్ పెట్టుకుని, గడప దాటుతోంది. కాలనీ ఆడవాళ్ల వ్యాయామ బృందానికి ఆమే లీడరు. జిల్లా మహిళా వాకర్ల సంఘం వాళ్లు పెట్టిన పోటీకి ఇవాళ జడ్జి మేడం వస్తోంది. ఎదురుగా ఉన్న పార్కులోనే పోటీ.

"రాత్రి దాక వచ్చింది గద?" అంది ఆమె.

"గదే గద నా బాధ. నేనేం ముట్టలేదు."

"ముట్టకుంటె ఎట్ల పోతది? ఏదో ఒకటి కొట్టే ఉంటరు. ఇగో, ఇయ్యాల మాత్రం నన్నేం అడగకుండ్రి. పోటీ అయ్యేదాక నేను మీకు లేను." ఆమె వెళ్లిపోయింది.

సారంగపాణి ఇంటర్నెట్‌లో వెతికాడు. ఎక్కడో ఎవరికో ఇదే కష్టం వచ్చి పదిమందిని అడిగాడు. ఆ పదిమందిలో సగం మంది వాడిని తిట్టారు. మిగతా సగం, నల్లటి కిటికీ ఒకటి తెరిచి అందులో ఫలానా కమాండ్ కొట్టమన్నారు. ఈయన కొట్టాడు. పాస్‌వర్డ్ అడిగింది. ఒక్కో అక్షరమూ వత్తి వత్తి కొట్టాడు. తెర మీద ఒక్క చుక్క కూడా పడలేదు. సౌండు పోయిందనుకుంటే కీబోర్డు కూడా పోయింది!

ల్యాప్‌టాప్‌ను తిరగేసి దులిపాడు. అందులోంచి ఎప్పటిదో కారప్పూస రాలింది. మళ్లీ కొట్టాడు, చుక్క పడలేదు. ఆఖరికి ఫోను తీసి, భౌతికశాస్త్రం చెప్పే స్నేహితుడు ఓంప్రకాశ్‌ను అడిగాడు.

"అరే భాయ్, అండ్ల పాస్‌వర్డ్ కనబడదు. కొట్టి ఎంటర్ నొక్కుడే."

"కనబడకుంటె నేను కొట్టిన్నో లేదో నాకెట్ల ఎర్కయితది?"

"నమ్మకం ఉండాలె" అని ఓంప్రకాశ్ ఫోను పెట్టేశాడు.

నమ్మకంతో కొట్టి ఎంటర్ నొక్కాడు. కమాండ్ నడిచింది కానీ శబ్దం మాత్రం రాలేదు. సెట్టింగుల్లోకి వెళ్లి, కనిపించిన ప్రతిదీ తెరిచాడు. బ్లూటూత్ అని ఒకటి ఆగి ఉంది. పాపం దాన్నెందుకు ఆపాలని ఆన్ చేశాడు. వెంటనే కింద ఏవో అక్షరాలూ అంకెలూ కలిసిన పేరొకటి ప్రత్యక్షమైంది. పక్కనే చిన్న స్పీకర్ బొమ్మ. 'ఇదిగో, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు తగిలించడం మరిచిపోయిన మన ల్యాప్‌టాప్ స్పీకరు!' అనుకుని కనెక్ట్ నొక్కాడు. కనెక్ట్ అయ్యింది. సారంగపాణి ఒళ్లు పులకరించింది.

నిజానికి ఆ పేరు రోడ్డు అవతల పార్కులో, సిమెంటు బెంచీ మీద, ప్రేమలత ఫోనుతో జతకావడానికి అప్పుడే కళ్లు తెరిచి చూస్తున్న బ్లూటూత్ స్పీకరుది.

ఇప్పుడు పరీక్షించాలి. ఇంటర్నెట్‌లో ఎవరో పుణ్యాత్ముడు స్పీకర్లను ఒక్కొక్కటిగా పరీక్షించే కమాండ్ రాసిపెట్టాడు. ఈయన అదీ కొట్టాడు. నల్ల కిటికీలో అక్షరాలు కదిలాయి. ల్యాప్‌టాప్ మాత్రం బెల్లం కొట్టిన రాయిలా ఉంది. వాల్యూమ్ పెంచాడు. నూటికి నూరు చేశాడు. లినక్స్‌లో నూరు దాటి కూడా పెంచుకోవచ్చని అప్పుడే తెలిసింది. సొంతిల్లు కదా, పెంచాడు.

అప్పుడు గది కిటికీలోంచి, ఎక్కడో దూరంగా, ఒక దొరసాని గొంతు వినిపించింది. "ఫ్రంట్ లెఫ్ట్... ఫ్రంట్ రైట్..."

సారంగపాణి చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఈ మాటలే కదా నల్ల కిటికీలో కనిపిస్తున్నాయి! అంటే ఈ కాలనీలో ఇంకెవరో కూడా లినక్స్ వేసుకుని, తనలాగే సౌండు కోసం తంటాలు పడుతున్నారన్నమాట. ఆయన మనసు కరిగిపోయింది. 'వానికి వస్తాంది, నాకు వస్తలేదు' అని కొంచెం అసూయ కూడా కలిగింది. మీటింగు కాగానే వెళ్లి ఆ మనిషిని పరిచయం చేసుకోవాలని నిశ్చయించుకున్నాడు.

ఫోను మోగింది. ప్రేమలత.

"ఏమండి, నా ఫోన్ స్పీకర్‌కు కలుస్తలేదు. అండ్ల ఎవరో ఇంగ్లీషు మేడం మాట్లాడుతాంది. జడ్జి మేడం వచ్చి కూసున్నది. జర ఏం చెయ్యాల్నో చెప్పుండ్రి, జల్ది!"

సలహా అడిగించుకోవడమనే సుఖం సారంగపాణికి చాలా రోజుల తర్వాత దక్కింది. కుర్చీలో వెనక్కి వాలాడు. "నీ ఫోన్‌ల వైరస్ సొచ్చింది. అందుకే లినక్స్ ఏసుకో అని మొత్తుకున్న. ఫికర్ చెయ్యకు, స్పీకర్‌ను ఒకసారి బంద్ చేసి మళ్ల పెట్టు."

ఆమె అలాగే చేసింది. తెర మీద స్పీకర్ పేరు మాయమై మళ్లీ కనబడింది. సారంగపాణి దాన్ని మళ్లీ కనెక్ట్ చేసి, పరీక్ష మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి మొత్తం ఆరు స్పీకర్లకూ. ఆ కమాండ్ ఎవరైనా ఆపేదాకా ఆగదు. ఎలా ఆపాలో ఆ పుణ్యాత్ముడు రాయలేదు.

పార్కులో ఏం జరిగిందో ఆయనకు తర్వాత తెలిసింది. జడ్జి శకుంతల మేడం, రిటైరైన డ్రిల్లు టీచరు, విజిల్ ఊదేసింది. పాట లేదు. ఆడవాళ్లంతా వరుసల్లో చేతులు నడుమున పెట్టుకుని గుడ్లప్పగించి చూస్తున్నారు. అంతలో స్పీకరు గర్జించింది: "ఫ్రంట్ లెఫ్ట్!" ముందు వరుసలో ఉన్న బక్కమ్మ, అరవై దాటినా చెప్పిన మాట వినే మనిషి, ఎడమకాలు ముందుకు వేసింది. అది చూసి అందరూ వేశారు. "ఫ్రంట్ రైట్!" కుడికాలు వేశారు. "రేర్ లెఫ్ట్!" అనేసరికి సగం మంది వెనక్కి వేశారు, సగం మంది వెనక్కి తిరిగి చూశారు, ఇద్దరు గుద్దుకున్నారు. మూడోసారి వచ్చేసరికి అందరికీ పట్టు దొరికింది. ఆరో స్పీకరు వంతు రాగానే మాటలేమీ లేకుండా "భుస్స్" అని గాలి శబ్దం వచ్చింది. బక్కమ్మ ఊపిరి గట్టిగా వదలమంటున్నారనుకుని "భుస్స్" అని వదిలింది. బృందమంతా "భుస్స్" అన్నారు. ప్రేమలత కూడా, వేరే దారి లేక, ముందు నిలబడి భుస్సంది.

ఇంట్లో సారంగపాణికి మీటింగు టైమైపోయింది. నల్ల కిటికీని గుణకారం గుర్తు నొక్కి బలవంతంగా మూసేసి మీటింగులో చేరాడు. చిన్న చిన్న గళ్లలో కొలీగ్స్ ముఖాలు, మధ్యలో ప్రిన్సిపాల్. ఆయన పెదవులు కదులుతున్నాయి. శబ్దం లేదు. నోరే పెగలని ల్యాప్‌టాప్‌కు చెవులు మాత్రం ఎలా పనిచేస్తాయనుకుని, సారంగపాణి తనలో తాను కాస్త పైకే మాట్లాడుకున్నాడు.

"ఆహా! నోరు కదులుతాంది, మాట వస్తలేదు. ఇన్నేండ్లల్ల సార్‌ను ఇంత చక్కగ ఎన్నడు చూడలే."

గళ్లలో అందరూ ఒక్కసారే నోటికి చేయి అడ్డం పెట్టుకున్నారు.

"అగో, అందరికి ఆవులింతలే. సౌండ్ వచ్చినోళ్ల గతి గది. ఓంప్రకాశ్ అయితె కెమెరానే బంద్ చేసిండు, పండుకున్నడు కావచ్చు. ములుగుకు ఎవర్ని పంపుతడో ఏమో... ఈయననే పోతె కాలేజీ బాగుపడతది."

ప్రిన్సిపాల్ పెదవులు ఆగిపోయాయి. తర్వాత ఇంతకుముందుకన్నా పెద్దగా కదిలాయి. అప్పుడు కిటికీలోంచి, పార్కు మీదుగా, చెట్ల మీది కాకులు లేచిపోయేలా ఒక గొంతు వచ్చింది.

"సారంగపాణీ! నువ్వు మాట్లాడేదంత మాకు వినబడుతాంది!"

ఆకాశం తన పేరు పెట్టి పిలిచినట్టయింది సారంగపాణికి. లేచి నిలబడి చుట్టూ చూశాడు. "ఎవరూ?" అన్నాడు. "నేనే! వెంకట్రాజాన్ని!" అంది ఆకాశం. తెర మీది పెదవులూ, ఆకాశంలోని మాటలూ ఒకదానికొకటి సరిపోవడం అప్పుడు చూశాడు. మెల్లగా కుర్చీలో కూర్చున్నాడు.

పార్కులో ప్రేమలతకు కూడా అదే క్షణంలో అంతా అర్థమైంది. "ఇదంత మా ఆయన పనే!" అని స్పీకరు ఎత్తుకుని ఇంటివైపు ఉరికింది. ప్రిన్సిపాల్ గొంతు కూడా ఆమెతో పాటే రోడ్డు దాటింది, గేటు తోసుకుని వచ్చింది, వరండా ఎక్కింది. "డిసిప్లిన్ ఉండాలె! నీకు ములుగు గాదు, ఇంక ఆవలికి పోతెనే బుద్ధొస్తది!" అంటూ గదిలోకి వచ్చి టేబుల్ మీద కూర్చుంది. వెనకాలే శకుంతల మేడం, ఆ వెనక చెమటలు కక్కుతూ బృందం మొత్తం.

"ఈ ఇంట్ల ఎవరు గిట్ల మొత్తుకుంటాండ్రు?" అని శకుంతల మేడం కళ్లద్దాలు సర్దుకుని తెర మీదికి వంగింది.

తెర మీద వెంకట్రాజం సగం మాటలో ఆగిపోయాడు. కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. చేతులు వాటంతట అవే పక్కలకు అతుక్కున్నాయి. కోటు కింద లుంగీ స్టాఫ్ అందరికీ కనిపించింది.

"నమస్తే మేడం."

"వెంకట్రాజం? నర్సంపేట బడిల పరుగు పందెమంటె మధ్యల నుంచి మక్క చేన్ల వడి వచ్చినోనివి, నువ్వేనా?"

"అప్పుడు చిన్నతనం మేడం."

"మంచిగ ఎదిగినవ్. ఇగో, గ కమాండ్లు పెట్టిన ఈ సార్ నీ దగ్గర్నే పనిచేస్తాండా? ఊర్లన్ని తిరిగి చూసిన, అందరు సినిమా పాటలు పెట్టుకొని ఎగిరెటోళ్లే. కమాండ్ మీద కాళ్లు కదిపింది వీళ్లొక్కలే. గ ఊపిరి ఇడుసుడు చూస్తె నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. నా సర్వీసుల గసుంటి డ్రిల్లు చూడలే. ఫస్ట్ ప్రైజ్ వీళ్లకే. గింత తెలివిగల్ల మనిషిని తిడుతానవెందుకు?"

వెంకట్రాజం గొంతు సవరించుకున్నాడు. "తిట్టుడు కాదు మేడం. మా సారంగపాణి మాకు చాలా అవసరమైన మనిషి. ఆయనను ఎక్కడికీ పంపేది లేదని చెబుతున్న, అంతే." గళ్లలో రెండో తెలుగు సారు అలవాటు ప్రకారం తల ఊపాడు. ఊపాక ఆ మాటకు అర్థమేమిటో ఆయనకు తెలిసినట్టుంది, ముఖం ములుగు దారి పట్టింది.

మీటింగు ముగిసింది. చప్పట్లు కొట్టుకుంటూ బృందం వెళ్లిపోయాక, ప్రేమలత స్పీకరు ఆపి మొగుడి వైపు చూసింది. సారంగపాణి తల దించుకుని, నల్ల కిటికీ తెరిచి, ఇంకో కమాండ్ కొట్టడం మొదలుపెట్టాడు. అప్పుడే ఆమెకు కీబోర్డు పై వరుసలో ఒక మీట మీద చిన్న ఎర్రలైటు కనిపించింది. మీట మీద స్పీకరు బొమ్మ, దాని మీద అడ్డగీత. పొద్దున్నే ఇల్లు తుడుస్తూ తడిబట్టతో ల్యాప్‌టాప్‌ను కూడా గట్టిగా రుద్దిన సంగతి ఆమెకు గుర్తొచ్చింది. చాయ్ కప్పు అందుకుంటున్నట్టు వంగి, మోచేత్తో ఆ మీట నొక్కింది. లైటు ఆరిపోయింది. సారంగపాణి ఎంటర్ కొట్టాడు.

"ఫ్రంట్ లెఫ్ట్" అంది ల్యాప్‌టాప్.

"వచ్చింది! ప్రేమా, వచ్చింది! చూసినవా, నమ్మకం ఉండాలె!" అని సారంగపాణి కుర్చీలోంచి ఎగిరాడు. ఆయన ముఖంలో ఆ వెలుగు చూశాక, ప్రేమలతకు నిజం చెప్పబుద్ధి కాలేదు. "మీకు రానిదేమున్నది?" అని, సంచి చేతికిచ్చి మటన్‌కు పంపింది. ఆ ఎర్రలైటు సంగతి ఆయనకు ఇప్పటికీ తెలియదు. ఏ కమాండ్‌తో సౌండు వచ్చిందో ఇంటర్నెట్‌లో రాసిపెట్టాడు, దేశదేశాల వాళ్లు థాంక్సులు చెప్పారు.

బక్కమ్మ మాత్రం ఎదురైనప్పుడల్లా ఆ ఇంగ్లీషు మేడానికి పెండ్లయిందా అని అడుగుతూనే ఉంది; ఆమె తమ్ముని కొడుక్కి గట్టిగా మాట్లాడే పిల్ల కావాలట.